గోధుమలో రంపపు ఈగ: రకాన్నీ విత్తన మోతాదునూ కలిపి నిర్ణయించే పద్ధతి

వరిలో కాండం తొలిచే పురుగు పడితే తెల్లకంకులు దూరం నుంచే కనబడతాయి. ఉత్తర అమెరికా మైదానాల్లో గోధుమ పండించేవారిని నూరేళ్లకు పైగా వేధిస్తున్న రంపపు ఈగ అలాంటి గుర్తు చూపదు. చేను పచ్చగా ఎదుగుతుంది, కంకి గింజ పోసుకుంటుంది, పైరు పండుబారుతుంది. సరిగ్గా కోతకు యంత్రం సిద్ధం చేసుకునే రోజుల్లో ఒక రాత్రి గాలి వీస్తే, తెల్లవారేసరికి చేని అంచుల వెంట కాండాలు మొదలు దగ్గర కత్తితో కోసినట్టు తెగి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. మందు కొట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనుకోవడంలో అర్థం లేదు. పిల్లపురుగు ఆసాంతం కాండం లోపలే ఉంటుంది, తల్లి ఈగలు వారాల తరబడి విడతలు విడతలుగా వస్తాయి. కనుక పైన కొట్టే మందుకు ఈ పురుగు దాదాపుగా దొరకదు.

రైతు చేతిలో ఉన్న గట్టి నిర్ణయాలు రెండూ విత్తడానికి ముందువే. ఏ రకం వేయాలి, చదరపు మీటరుకు ఎన్ని గింజలు వేయాలి. చాలామంది వీటిని విడివిడిగా తేల్చుకుంటారు. రకాన్ని విత్తన పట్టిక చూసి ఎంచుకుంటారు, మోతాదును ఏటా వేసే అలవాటు ప్రకారం వేస్తారు. ఈ పురుగు విషయంలో నష్టం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మంచి రకం ఇచ్చే రక్షణను తప్పు మోతాదు బాగా తగ్గించగలదు.

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలోని మోంటానా, నార్త్ డకోటా, కెనడాలోని దక్షిణ అల్బెర్టా, దక్షిణ సాస్కచెవాన్ లాంటి పొడి నేలల గురించి. ఆదిలాబాద్ వైపు కొద్దిపాటి విస్తీర్ణంలో గోధుమ వేసేవారికి ఈ ఈగతో పని లేదు. అక్కడ చూసుకోవలసినవి చెదలు, పేనుబంక, గులాబీ రంగు కాండం తొలిచే పురుగు. కనుక కింది అంకెలను అక్కడికి తెచ్చి వాడకూడదు.

పురుగు నడవడి

పేరులో ఈగ ఉన్నా సీఫస్ సింక్టస్ అనే ఈ కీటకం కందిరీగల వంశానికి చెందినది. ఒళ్లు మిలమిలలాడే నలుపు, పొట్ట మీద పసుపు పట్టీలు, కాళ్లు పసుపు. పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు. కాండం మీద తలకిందులుగా వాలి ఉండడం దీని ప్రత్యేకత. మే చివర నుంచి జులై నడిమి వరకు నిరుటి కొయ్యకాళ్లలోంచి బయటికి వస్తుంది, ఏమీ తినకుండా వారం రోజులు బతుకుతుంది, ఆ వారంలో ఒక ఆడ ఈగ 50 గుడ్ల దాకా పెట్టగలదు. రంపం లాంటి అవయవంతో సాగుతున్న కాండాన్ని చీల్చి గుడ్డును లోపల పెడుతుంది. ఒకే కాండంలో నాలుగైదు గుడ్లు పడినా చివరికి మిగిలేది ఒక్క పురుగే, మిగతావాటిని అది తినేస్తుంది.

పిల్లపురుగు లోపలి మెత్తని కండను తింటూ, కణుపులను తొలుచుకుంటూ కిందికి దిగుతుంది. ఈ దశలోనే గింజ బరువు పదో వంతు, అంతకుమించి కూడా తగ్గుతుంది. కాండం నిలబడే ఉంటుంది కనుక ఈ నష్టం ఎవరి కంటా పడదు. పైరు ఎండడం మొదలుకాగానే పురుగు నేలమట్టానికి చేరి, కాండం లోపలి గోడను చుట్టూ గీరి గాడి పెట్టి, ఆ గాడి కింద తన విసర్జనతో బిరడా వేసుకుని, మిగిలిన మోడులో చలికాలమంతా పడుకుంటుంది. గాలికి కాండం తెగేది ఆ గాడి దగ్గరే. ఏడాదికి ఒకటే తరం.

ఒకప్పుడు శీతకాలపు గోధుమ (శరదృతువులో విత్తేది) ముందుగా పండడం వల్ల దీని నుంచి తప్పించుకునేది. 1980ల నుంచి మోంటానాలో ఈగ ముందుగానే బయటికి రావడం అలవాటు చేసుకుని శీతకాలపు పంటనూ పట్టుకుంది. కాబట్టి ఆ ప్రాంతంలో వసంతకాలపు పైరు మానేసి శీతకాలపు పైరు వేసినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

బెండు అంటే ఏమిటి, ఎందుకు

మామూలు గోధుమ కాండం గొట్టంలా డొల్లగా ఉంటుంది. కొన్ని రకాల్లో మాత్రం ఆ డొల్లలో జొన్న దంటులో ఉన్నట్టు బెండు నిండి ఉంటుంది. బెండులో చిక్కుకున్న గుడ్డు నలిగిపోతుంది లేదా ఎండిపోతుంది. పొదిగి బయటపడిన పురుగు కిందికి దిగే దారిలేక చస్తుంది. ఎలాగో బతికి బట్టకట్టిన ఆడపురుగు కూడా చిన్నదై, మరుసటి ఏడు తక్కువ గుడ్లు పెడుతుంది. అంటే బెండు కాండం ఈ ఏటి పంటనే కాక వచ్చే ఏటి పురుగు సంఖ్యనూ తగ్గిస్తుంది. ఈ రెండో లాభాన్ని లెక్కలోకి తీసుకోకుండా దిగుబడి పట్టిక మాత్రమే చూసేవారు బెండు రకాలను తొందరపడి తోసేస్తారని నా అభిప్రాయం.

బెండు గోధుమకు మూలపురుషుడు ఎస్-615 అనే వరుస. దానితో సంకరం చేసి కెనడాలోని స్విఫ్ట్ కరెంట్ పరిశోధన కేంద్రం 1946లో రెస్క్యూ అనే రకాన్ని విడుదల చేసింది. పురుగును ఆపింది కానీ రొట్టెకు అంత మంచి పిండి ఇవ్వలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఫార్చునా, ఏసీ ఈటోనియా, లిలియన్, మోంటానా వైపు చోటో, శీతకాలపు గోధుమలో జెనూ, జూడీ, వార్‌హార్స్, డ్యూరంలో (పాస్తాకు వాడే గట్టి గోధుమ) సీడీసీ ఫార్టిట్యూడ్ లాంటివి వచ్చాయి. బెండుకు కారణమైన జన్యువు 3బీ క్రోమోజోము మీద ఉంది. దాని ప్రతులు ఎక్కువైతే బెండు పెరుగుతుందని 2020లో తేలింది.

రకాన్ని ఎంచుకునే ముందు

మొదట నిరుటి చేను చూడాలి. కోత ముందు చేని అంచు నుంచి లోపలికి నడుస్తూ, అంచు దగ్గర ఒకచోట, కొంత లోపల మరొకచోట, నడిమధ్యన ఇంకొకచోట వరసలో కాండాలను లెక్కపెట్టి, తెగినవెన్నో రాసుకోవాలి. తెగిన కాండాలు నూటికి 10 నుంచి 15 దాటితే ఆ పొలంలో గానీ దాని పక్క పొలంలో గానీ మళ్లీ గోధుమ వేసేటప్పుడు బెండు రకమే వేయాలి. పక్క పొలం అన్న మాట గుర్తుంచుకోవాలి. ఈగ నిరుటి కొయ్యకాళ్లలోంచి లేచి దగ్గరలో ఉన్న కొత్త పైరు మీద వాలుతుంది, ఎక్కువ దూరం ఎగరలేదు, అందుకే అంచుల్లో నష్టం ఎప్పుడూ ఎక్కువ. మీ పొలంలో నిరుడు బఠానీ ఉన్నా, పొరుగువారి గోధుమ కొయ్యకాళ్లు గట్టు అవతలే ఉంటే ముప్పు మీదే.

రెండోది బెండు అంకె. కాండంలోని ఐదు కణుపు నడుముల్లో (రెండు కణుపుల మధ్య భాగాల్లో) ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు గుర్తులు వేస్తారు. పూర్తిగా డొల్ల అయితే 1, పూర్తిగా నిండితే 5. మొత్తం 25కు లెక్క. సగటున ఒక్కో నడుముకు 3.75, అంటే మొత్తం మీద 19 దాకా ఉంటేనే ఆ కాండం పురుగును నమ్మకంగా ఆపుతుంది. విత్తనం అమ్మేవారు ‘బెండు రకం’ అన్న ఒక్క మాటతో సరిపెడితే ఒప్పుకోకూడదు. ఎక్కడ, ఏ ఏడు, ఎంత అంకె వచ్చిందో అడగాలి. ఒకే రకానికి ఒకచోట 21, మరోచోట 15 రావడం మామూలే, దానికి కారణం కిందనే చెబుతాను. కొనాన్ లాంటి కొన్ని రకాల్లో మొదట బెండు నిండుగా ఉండి, పైరు ముదిరేకొద్దీ వెనక్కి తగ్గుతుంది. గుడ్డు పడే వేళకు బెండు ఉంటుంది కనుక ఇవి కోతనాటి అంకె చెప్పేదానికన్నా కాస్త మెరుగ్గానే పనిచేస్తాయి.

ముప్పు తక్కువగా ఉన్నచోట, దిగుబడి ఎక్కువ ఇచ్చే డొల్ల రకాన్నీ బెండు రకాన్నీ సగం సగం కలిపి విత్తడం ఒక మధ్యేమార్గం. ఒత్తిడి మోస్తరుగా ఉన్నంతవరకు ఇది నిలుస్తుంది. పురుగు విరగబడిన ఏడు మాత్రం డొల్ల సగం నేలపాలవుతుంది. అంతకన్నా చేని చుట్టూ కొన్ని గజాల వెడల్పున బెండు రకం, లోపల డొల్ల రకం వేయడం నాకు తెలివైన పనిగా తోస్తుంది, ఎందుకంటే ఈగ ముందు వాలేది అంచు మీదే. ఆ అంచు పట్టీలో ఓట్స్ వేసినా సరే. అందులో గుడ్డు పెట్టినా పురుగు బతకదు.

విత్తన మోతాదు

బెండు ఏర్పడేది కాండం సాగే రోజుల్లో. ఆ రోజుల్లో కాండం మీద వెలుతురు పడాలి. మబ్బు, ముసురు పట్టి ఉన్నా, పైరు దట్టమై కింది ఆకులు నీడలో పడినా బెండు సరిగా నిండదు. రకం పట్టికలో 21 ఉన్న గోధుమ ముసురు జూన్ తర్వాత 15కు దిగడానికి కారణం ఇదే. ఆకాశం మన చేతిలో లేదు, కానీ పైరు దట్టం ఎంత ఉండాలన్నది మన చేతిలో ఉంది. దక్షిణ అల్బెర్టాలో ఏళ్ల తరబడి జరిగిన ప్రయోగాల తర్వాత అక్కడి పరిశోధకులు చెప్పిన హద్దు చదరపు మీటరుకు 300 గింజలు. బెండు రకం వేసినప్పుడు దీన్ని దాటకూడదు.

దిగుబడి కోసమూ కలుపును అణచడానికీ దట్టంగా విత్తమనే సలహా ఇప్పుడు అంతటా వినిపిస్తోంది. డొల్ల రకానికి ఆ సలహా కొంతవరకు ఈగ విషయంలోనూ పనికొస్తుంది. దట్టంగా ఉంటే కాండాలు సన్నబడతాయి, సన్నని కాండాన్ని ఆడ ఈగ అంతగా ఇష్టపడదు, అందులో పెరిగిన పురుగూ చిన్నదే అవుతుంది. అదే మోతాదును బెండు రకానికి వేస్తే, డబ్బు పెట్టి కొనుక్కున్న బెండునే పోగొట్టుకుంటాం. అలాగని మరీ పలచగా వేయడమూ మేలు కాదు. పలచని చేలో కాండాలు లావెక్కుతాయి, లావు కాండాల్లో గుడ్లు ఎక్కువగా పడతాయి. ఆలస్యంగా వచ్చే పిలకలు పెరుగుతాయి, కలుపు చేరుతుంది, దిగుబడి జారుతుంది. అందుకే 250కి తగ్గకుండా, 300 దాటకుండా ఉండడం సరైన దారి. వరిలో సుడిదోమ కోసం రెండు మీటర్లకొక కాలిబాట తీసే గోదావరి రైతుకు పైరులోకి వెలుతురూ గాలీ పోనివ్వడం ఎంత ముఖ్యమో కొత్తగా చెప్పనక్కరలేదు. కారణం వేరైనా ఇక్కడా వెలుతురుదే మాట.

ఇప్పుడు లెక్క. బుషెళ్లలో (గోధుమకు బుషెలు అంటే సుమారు 27 కిలోలు) అనుకుంటే ఈ పని చెడుతుంది, ఎందుకంటే గింజ పరిమాణం లాటుకొక తీరుగా ఉంటుంది. మీ విత్తన లాటులోంచి పిడికెడు తీసి, పళ్లెంలో పోసి, విరిగినవాటినీ మంచివాటినీ ఏరకుండా వరసగా 250 గింజలు లెక్కపెట్టి తూచండి. ఇలా నాలుగుసార్లు చేసి కూడితే వెయ్యి గింజల బరువు వస్తుంది. చదరపు మీటరుకు కావలసిన గింజలను ఈ బరువుతో గుణించి 100తో భాగిస్తే హెక్టారుకు కిలోలు. దాన్ని మొలక శాతంతో సరిచేయాలి.

ఉదాహరణకు వెయ్యి గింజలు 36 గ్రాములు తూగాయి, మొలక 94 శాతం, మనకు కావలసింది 280 మొలకెత్తే గింజలు అనుకుందాం. 280ని 36తో గుణించి 100తో భాగిస్తే 100.8. దాన్ని 0.94తో భాగిస్తే హెక్టారుకు సుమారు 107 కిలోలు, ఎకరాకు 43 కిలోల పైచిలుకు, అంటే దాదాపు 1.6 బుషెళ్లు. ఇదే 1.6 బుషెళ్లను అలవాటుకొద్దీ 30 గ్రాముల సన్నగింజ లాటుతో వేస్తే, చదరపు మీటరుకు మొలకెత్తే గింజలు 336 అవుతాయి, హద్దు దాటిపోయాం. 42 గ్రాముల లావుగింజతో వేస్తే 240కి పడిపోతాం. విత్తే యంత్రం (డ్రిల్లు) మీది గుర్తు మారలేదు, సంచి మారిందంతే.

మొలిచాక మూడో వారంలో సరిచూసుకోవాలి. సాళ్ల నడుమ దూరం 25 సెంటీమీటర్లయితే, మీటరు పొడవు సాలులోని మొక్కలను లెక్కించి నాలుగుతో గుణిస్తే చదరపు మీటరు సంఖ్య. పై ఉదాహరణలో ఐదింట నాలుగు గింజలు మొక్కలుగా నిలిచినా మీటరు సాలుకు 56 మొక్కలు కనబడాలి. పదిచోట్ల లెక్కించండి, రాసిపెట్టుకోండి.

నత్రజనిదీ ఇదే కథ. అతిగా వేస్తే పైరు దట్టమై నీడ పెరుగుతుంది. ఈ పొడి నేలల్లో, ఈగ ఉన్నచోట హెక్టారుకు 30 నుంచి 60 కిలోల నత్రజని సరిపోతుంది.

కంకి దోమ ఉన్నచోట లెక్క తిరగబడుతుంది

సాస్కచెవాన్ తూర్పు భాగాలు, మానిటోబా లాంటి తేమ నేలల్లో గోధుమకు పెద్ద శత్రువు కాండంలో ఉండదు, కంకిలో ఉంటుంది. నారింజ రంగులో ఉండే చిన్న దోమ సాయంత్రపు చల్లవేళ, పూత రాకముందు, అప్పుడే వెలువడిన కంకుల మీద గుడ్లు పెడుతుంది. పురుగు లేత గింజను పీల్చి ముడతలు పడేలా చేస్తుంది. దీనికి మోతాదు సలహా పూర్తిగా వేరు. కాస్త దట్టంగా విత్తితే పిలకలు తగ్గి, కంకులన్నీ ఒకేసారి వెలువడి, దోమకు చిక్కే రోజులు తగ్గిపోతాయి. పలచని చేలో పిలకలు రోజుకొకటిగా ఈనుతూ దోమకు వారాల తరబడి విందు పెడతాయి. పురుగు పేరు తెలుసుకోకుండా మోతాదు చెప్పేవారి మాట వినవద్దని అనడానికి ఇదే కారణం.

దోమను ఆపే ఎస్‌ఎమ్1 అనే జన్యువున్న రకాలు కెనడాలో 2010 నుంచి రైతులకు అందుతున్నాయి. పురుగు కొరకగానే లేత గింజలో ఫెరూలిక్ ఆమ్లం పెరుగుతుంది, పురుగు తినడం మానేసి చస్తుంది, గింజ పండే నాటికి ఆ ఆమ్లం మామూలు స్థాయికి వస్తుంది. ఈ విత్తనాన్ని నూటికి 90 వంతులు నిరోధక రకం, 10 వంతులు దోమకు లొంగే రకం కలిపే అమ్ముతారు. ఆ పది వంతులు ఎందుకో తెలియక విసుక్కునేవారు ఉన్నారు. ఒకే జన్యువు మీద మొత్తం భారం వేస్తే ఏమవుతుందో తెలుగు రైతులు వరిలో చూశారు. ఉల్లికోడును తట్టుకున్న ఫల్గుణ రకాన్ని 1980ల్లో ఉత్తర కోస్తాలో ఆ పురుగులోనే పుట్టిన కొత్త తెగ (బయోటైపు) లొంగదీసుకుంది. ఆ పది వంతుల గోధుమ మీద బతికిన మామూలు దోమలు, నిరోధాన్ని జయించిన అరుదైన దోమలతో జతకట్టి ఆ గుణం నిలదొక్కుకోకుండా చేస్తాయి. అందుకే ధ్రువీకరణ విత్తనం తర్వాత ఇంట దాచిన విత్తనాన్ని ఒక్క తరం మించి వాడనివ్వరు. ఏటా దాచి వేస్తే ఈ పాళ్లు చెదిరిపోతాయి.

రెండు పురుగులూ ఉన్న నడిమి ప్రాంతంలో బెండు, ఎస్‌ఎమ్1 రెండూ ఉన్న రకం వెతికి, మోతాదును 300 దగ్గర ఆపడం మంచిది.

కోతకు ముందు, కోతలో

జులై రెండో సగంలో చేనికి పదునైన చిన్న కత్తి తీసుకువెళ్లండి. కణుపు కింద నల్లని మచ్చ ఉన్న కాండాన్ని నేలమట్టానికి కోసి, పైనుంచి కిందికి నిలువునా చీల్చండి. పురుగు ఉంటే గొట్టంలో రంపపు పొట్టు లాంటి పొడి కూరి ఉంటుంది, దాని కింద మీగడ రంగు పురుగు గోధుమరంగు తలతో ఉంటుంది. వేలితో బయటికి తీస్తే ఆంగ్ల అక్షరం ఎస్ లాగా వంకర తిరుగుతుంది. చీల్చిన ఆ కాండంలోనే బెండు ఎంతవరకు నిండిందో కూడా చూసి రాసుకోండి. మీ నేలలో, మీ మోతాదులో, ఈ ఏటి వాతావరణంలో ఆ రకం ఎంత నిలిచిందో చెప్పే అంకె అదొక్కటే, అచ్చువేసిన ఏ పట్టికా దాన్ని చెప్పలేదు.

పురుగు పట్టిన కాండాలు ఎక్కువగా కనబడితే, గింజ తేమ 40 శాతం కన్నా దిగాక కాండాలు తెగకముందే పైరును కోసి పనలుగా పరచడం వల్ల కంకులు దక్కుతాయి. దీనివల్ల పురుగు చావదు, అది అప్పటికే మొదట్లోకి దిగి ఉంటుంది. అంచుల్లోనే ఉధృతి ఉంటే అంచులను మాత్రమే ముందు కోస్తే చాలు.

మోళ్లను మరీ కిందికి కోయకూడదు. ఈ ఈగను చంపే బ్రాకన్ జాతి పరాన్నజీవి కందిరీగలు రెండు ఈ మైదానాల్లోనే ఉన్నాయి. రంపపు ఈగ పిల్లపురుగు నేలమట్టానికి దిగి పడుకుంటే, ఈ కందిరీగల పిల్లలు కాండంలో కాస్త పైన గూడు కట్టుకుని చలికాలం గడుపుతాయి. కనీసం 15 సెంటీమీటర్ల కొయ్యకాలు వదిలితే అవి చేలోనే మిగులుతాయి, ఇంకొంచెం ఎత్తు వదిలితే మరీ మంచిది. పురుగు మోళ్లను పైకి తేవాలని శరదృతువులో దున్నేవారూ ఉన్నారు. పొడి నేలలో దానివల్ల మన్ను గాలికి పోవడం, ఈ కందిరీగలు చావడం తప్ప పెద్ద లాభం ఉండదు.

కోత ముగిశాక తెగిన కాండాల లెక్క, బెండు అంకె, మొక్కల సంఖ్య మూడింటినీ పొలం పటం మీద గుర్తించి పెట్టుకోండి. గోధుమ తర్వాత అదే చోట కనోలా (ఆవ జాతి నూనెగింజ), బఠానీ, మసూర్ (లెంటిల్) లాంటి వెడల్పాకు పంట వేయండి. వాటిలో ఈ పురుగు బతకదు. ఆ పక్క పొలానికి కావలసిన బెండు విత్తనాన్ని చలికాలం మొదట్లోనే చెప్పి పెట్టుకోండి. పురుగు ఉధృతి చూసిన ఏడు ఆ సంచులు వసంతం దాకా మిగలవు.